నాలుగో పోగు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. నువ్వు స్వయంగా చూశావా? మళ్ళీ ఇంకోసారి జరిగిందా? చూసింది ఎప్పుడూ వాళ్ళ పిన్నిగారి తోటికోడలో, ఆవిడ డ్రైవరో అవుతారు గానీ చెప్పేవాళ్ళు కారు. పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. మా పనిలో రెండోసారి రాని తప్పుని ఎవరూ పట్టించుకోరు. అందుకని దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్నాను కదా అని ఇప్పుడు నమ్ముతున్నానని అనుకోకండి.

పైగా నా రెండు ప్రశ్నలకీ ఇక్కడ నా దగ్గరే జవాబు లేదు. చూసింది నేను కాదు, మా నాన్న. రెండోసారి జరగనూ లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే కూర్చోబెట్టి చెప్పుకోవడానికి ఈ ఊళ్ళో నాకు మనుషులు లేరు.

నాన్న కూడా ఇలాంటివి నమ్మే మనిషి కాదు. మార్కాపురం దగ్గర కరెంటు లైన్‌మన్‌గా ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. శ్మశానం పక్కన స్తంభం ఎక్కాల్సి వస్తే మిగతావాళ్ళు తెల్లారాక చూద్దాంలే అనేవాళ్ళు. ఈయన టార్చిలైటు నోట్లో కరుచుకుని ఎక్కేసేవాడు. "సచ్చినోళ్ళు ఏం జేస్తారు, షాకు కొట్టేది తీగ" అనేవాడు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, వేట. ఆదివారం వస్తే వల భుజాన వేసుకుని కొండ మొదట్లోకి పోయేవాడు. దొరికితే చెవులపిల్లి, అంటే అడవి కుందేలు. లేకపోతే కౌజు పిట్టలు. చట్టం ఒప్పుకోదని ఆయనకి తెలుసు, నాకు పెద్దయ్యాక తెలిసింది. అన్నయ్యకి రక్తం చూస్తే కళ్ళు తిరిగేవి కాబట్టి తోడుకి నన్ను తీసుకుపోయేవాడు.

మా నాన్నతో వేటకి పోవడమంత విసుగు ఈ లోకంలో ఇంకోటి లేదు. "మాట్టాడబాకు" అని చెప్పడానికే పది నిమిషాలు మాట్లాడేవాడు. గాలి ఎటు నుంచి వస్తోంది, మనిషి వాసన ఎంత దూరం పోతుంది, వాళ్ళ తాత ఎట్లా పట్టేవాడు, అన్నీ గుసగుసగా చెబుతున్నాననుకుని మామూలు గొంతుతోనే చెప్పేవాడు. కుందేలు కనపడేసరికి దగ్గు వచ్చేది. ఒకసారి కుందేలు సరిగ్గా ఆయన కాళ్ళ మధ్య నుంచే వచ్చింది. "వచ్చె! వచ్చె!" అని అరిచి, వల మీద తనే కూలబడ్డాడు.

బయల్దేరేముందు అమ్మ చేత మసాలా మాత్రం నూరించి పెట్టేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అమ్మ గొణుక్కుంటూ నూరేది. పదిసార్లు వెళ్తే ఒకసారి దొరికేది. మిగతా తొమ్మిదిసార్లూ ఉత్త చేతులతో ఇంటికి రావడం నామోషీగా ఉండి, దారిలో ఎవరి చేలోనో అడిగి వంకాయలు తెచ్చేవాడు. "తినండ్రా, మీ నాయన ఏటాడిన వంకాయలు" అని అమ్మ వడ్డించేది.

దొరికిన రోజున మాత్రం ఆయన ఇంకో మనిషి. అక్కడే మోదుగాకులు పరిచి పోగులు వేసేవాడు. వేటలో నడిచిన ప్రతివాడికీ ఒక పోగు, సమానంగా. వల మోసినవాడికి ఎంతో, ఊరికే పొద పక్కన నిలబడి అదిలించినవాడికీ అంతే. దారిలో ఎదురై పది అడుగులు తోడొచ్చినవాడికి కూడా. ఎనిమిదేళ్ళ పిల్లనైనా నా పోగు నాకే. ఒకరి వాటా ఎగ్గొడితే మళ్ళీ వేట పడదని ఆయన పట్టుదల. వేటలో నాన్న చేయని తప్పు లేదు గానీ, పోగుల లెక్కలో మాత్రం ఒక్కసారి కూడా పొరబడగా నేను చూడలేదు.

డబ్లిన్‌కి ఉత్తరాన గంట దూరంలో ఉన్న ఈ డండాక్ ఊరికి నేను చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. మధ్యలో జరిగిన పెళ్ళి మూడేళ్ళకే తేలిపోయింది, ఆ సంగతి ఇక్కడ అనవసరం. డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో అయితే వీధికో తెలుగు ఇల్లు ఉంటుంది, పుట్టినరోజులూ పూజలూ అని ఎవరో ఒకరు పిలుస్తారు. ఇక్కడ మనవాళ్ళంటే కాలేజీ పిల్లలే. చదువున్నన్నాళ్ళు అక్కా అక్కా అంటూ వస్తారు, ఉద్యోగం రాగానే డబ్లిన్ వెళ్ళిపోతారు. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూస్తే సోమవారం దాకా నా గొంతు నేను వినని వారాలు ఉన్నాయి.

అమ్మ పోయిన ఏడాదికి నాన్న మూడు నెలల వీసా మీద నా దగ్గరికి వచ్చాడు. మామూలుగా ఆయన హైదరాబాదులో అన్నయ్య దగ్గర ఉంటాడు. పంపించేముందు అన్నయ్య ఫోన్ చేసి, "నాన్నని కొంచెం గమనించు, ఏదో తేడాగా ఉంది" అన్నాడు. వదిన అయితే ఇంకొంచెం విడమరిచి చెప్పింది.

తేడా నాకు మొదటి వారంలోనే తెలిసింది. ఫోను బియ్యం డబ్బాలో దొరికింది. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, నడకకి వెళ్ళి నాలుగిళ్ళ అవతల తలుపుకి మా తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డాడు. ఆ ఇంటావిడే తీసుకొచ్చి దిగబెట్టింది. "అమ్మ ఫోన్ చేసిందా?" అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి అడిగాక తనకే గుర్తొచ్చి, లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆయన మౌనం. నోరు మూయమన్నా మూయని మనిషి, వెనక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. అప్పుడప్పుడు పెదాలు కదిలేవి. నేను దగ్గరికి వెళ్తే ఆపేసేవాడు. ఒంటరిగా ఉన్న ఇంట్లోకి ఇంకో మనిషి వస్తే ఒంటరితనం సగమవుతుందనుకున్నాను. మాకిద్దరికీ చెరొకటి అయింది.

మా నానమ్మ చివరి రోజుల్లో నాన్నని గుర్తుపట్టలేదు. "ఎవురు నాయనా నువ్వు?" అని కన్నకొడుకునే అడిగేది. ఆయన బయటికొచ్చి పంచ కొంగుతో మొహం తుడుచుకోవడం నాకు గుర్తుంది. అదే ఇప్పుడు ఆయనకి వస్తోందా అన్నది నా భయం. గూగుల్లో చదవకూడనివన్నీ చదివాను. లేని మనుషులు కనిపించడం కూడా మతిమరుపు జబ్బుల్లో కొన్ని రకాలకి ఒక లక్షణమని అక్కడే చూశాను.

మా ఇంటి ఓనరు పేరు జిమ్మీ. డెబ్బై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఊరికి ఉత్తరాన కొండవాలులో గొర్రెలు పెంచుకుంటూ ఒక్కడే ఉంటాడు. అక్టోబరులో ఒకరోజు, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చూడ్డానికి వచ్చాడు. అదే సమయానికి మా పెరటి వెనక పచ్చికలోకి ఒక కుందేలు వచ్చింది. నాన్న కిటికీ దగ్గర లేచి నిలబడి, రెండు వేళ్ళు నెత్తిన చెవుల్లా పెట్టి జిమ్మీని పిలిచాడు. జిమ్మీ రెండు చేతులూ తుపాకీలా పట్టి చూపించాడు. ఆ ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి భాష ఒకరికి రాకుండా అరగంట సైగలతోనే మాట్లాడుకున్నారు. బాయిలర్ సంగతి మర్చిపోయారు.

వెళ్తూ వెళ్తూ జిమ్మీ, శనివారం మీ నాన్నని తీసుకురా అన్నాడు. కుందేళ్ళు తన పొలాన్ని గుల్ల చేస్తున్నాయట. "నడవొచ్చు, అదిలించొచ్చు, గన్ మాత్రం ముట్టుకోకూడదు. లైసెన్స్ నా ఒక్కడికే. గార్డులకి తెలిసిందంటే నా గన్ పట్టుకుపోతారు" అని గట్టిగా చెప్పాడు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు.

ఆ శుక్రవారం సాయంత్రం నాన్న వంటింట్లోకి వచ్చి, "మసాలా నూరి పెట్టమ్మా" అన్నాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. అమ్మ పోయాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

మర్నాడు నాన్న తయారైన తీరు చూడాలి. మంకీ క్యాప్, దాని మీద నా గులాబీరంగు వానకోటు, కాళ్ళకి జిమ్మీ ఇచ్చిన రబ్బరు బూట్లు, రెండు సైజులు పెద్దవి. అడుగు వేస్తే బూటు ముందు వచ్చేది, నాన్న తర్వాత వచ్చేవాడు. సన్నగా జల్లు, తెరలు తెరలుగా పొగమంచు. పొలం కొండ మీదికి వాలుగా ఉంది. కింద అంచున సిమెంటు లేకుండా పేర్చిన పాత రాతిగోడ, దాని పొడుగునా పసుప్పచ్చ పూల ముళ్ళపొదలు. జిమ్మీ తుపాకీతో, చెవులకి శబ్దం ఆపే పెద్ద హెడ్‌ఫోన్లతో పైన నిలబడ్డాడు. నన్ను మధ్యలో, నాన్నని కిందికి గోడ చివర నిలబెట్టాడు. నాన్నకీ నాకూ రెండు వందల అడుగుల దూరం ఉంటుంది. మంచులో ఆ గులాబీ కోటు కాసేపు కనపడేది, కాసేపు కనపడేది కాదు.

రెండు గంటలపాటు ఏమీ పడలేదు. జిమ్మీ ఆరుసార్లు కాల్చాడు, ఆరుసార్లూ మట్టి లేచింది. కాల్చినప్పుడల్లా నాన్న గోడ దగ్గర్నుంచి పైదాకా వచ్చి, గాలి ఎటు నుంచి వస్తోందో, ఆయన ఎక్కడ నిలబడాలో తెలుగులో విడమరిచి చెప్పి మళ్ళీ కిందికి పోయేవాడు. జిమ్మీ "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు. ఏమంటున్నాడని ఒకసారి నన్నడిగాడు. "మీ పొలం చాలా అందంగా ఉందంటున్నాడు" అన్నాను. నాన్న నిజానికి అన్నది, ఈ మనిషి చేతికి తుపాకీ ఇచ్చినవాణ్ణి తన్నాలని.

ఆ తర్వాత నాన్న పైకి రావడం మానేశాడు. గోడ దగ్గర ఆయన గొంతు వినపడింది. మెల్లగా, మామూలుగా మాట్లాడుతున్నాడు. ఒక మాట అని ఆగేవాడు, అవతలివాళ్ళు ఏదో చెబుతుంటే వింటున్నట్టు. తర్వాత చిన్నగా నవ్వాడు. మంచులో నాకు గోడా కనపడలేదు, ఆయనా కనపడలేదు.

నిజం చెబుతున్నాను, నేను వెళ్ళి చూడలేదు. కిటికీ దగ్గర కదిలే పెదాలు ఇప్పుడు పైకే మాట్లాడుతున్నాయని అనుకున్నాను. హెడ్‌ఫోన్లు తీస్తే జిమ్మీకి వినపడుతుందేమో, పరువు పోతుందేమో అని కూడా అనిపించింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ రోజు నేను రెండు వందల అడుగులు నడిచి ఉంటే ఈ కథ అక్కడే తేలిపోయేది.

కాసేపటికి రాయి మీద రాయి తగిలిన చప్పుడు వచ్చింది. రెండుసార్లు దగ్గర దగ్గరగా, కాస్త ఆగి ఇంకొకటి. మళ్ళీ అలాగే. నాన్న ఊసుపోక రాళ్ళు కొడుతున్నాడనుకున్నాను. అంతలో గోడ కింద నుంచి రెండు కుందేళ్ళు బయటపడి, పక్కలకి తప్పుకోకుండా తిన్నగా జిమ్మీ నిలబడ్డ వైపు పరిగెత్తాయి. అంత దగ్గరికి వస్తే ఆయనకి కూడా గురి కుదిరింది. రెండూ పడ్డాయి.

నాన్న బూట్లు ఈడ్చుకుంటూ పైకి వచ్చాడు. ఆ మొహంలో వెలుగు చూసి చాలా రోజులైంది. వచ్చే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. పొదల్ని చూపిస్తున్నాడనుకున్నాను.

పొలం పక్కనే జిమ్మీ షెడ్డు, గుమ్మంలో ఆయన గొర్రెల కుక్క. అక్కడ స్టీలు బల్ల మీద కుందేళ్ళని ఒలిచి, కడిగి, రెండూ మాకే అని సంచిలో వేయబోయాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. కత్తి అడిగి తీసుకున్నాడు. ఆకులు లేవు కాబట్టి దాణా సంచి కాగితం చింపి పరిచాడు. ముక్కలు కొట్టి పోగులు వేయడం మొదలుపెట్టాడు. తొడ ముక్కకి వీపు ముక్క, పక్కకి ఎముక ముక్క, చేత్తో బరువు చూసి అటూ ఇటూ మారుస్తూ. జిమ్మీకి నేను ఇది మా పద్ధతి అని చెప్పాను. ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

నాన్న వేసినవి నాలుగు పోగులు.

"నాన్నా, మనం ముగ్గురమే కదా" అన్నాను.

"నలుగురం."

"కుక్కతో కలిపా?"

"కుక్కకి అదుగో, కార్జం తీసి పెట్టా. లెక్కలు నాకు జెప్పబాకు. నువ్వు, నేను, జిమ్మీగారు, ఆ పెద్దాయన."

"ఏ పెద్దాయన?"

"గోడకాడ నా పక్కన నిలబడ్డాడే, నీలం బట్టలాయన. ఆయన తోలకపోతే మీ ఓనరు గురికి పొద్దుగూకేదాకా ఈగ గూడా సచ్చేది కాదు."

అక్కడ ఎవరూ లేరని మెల్లగా చెప్పాను. ఉన్నాడన్నాడు. లేరన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు, ఎన్నిసార్లు చెప్పినా నలుగురమే అన్నాడు. నాకు కోపం వచ్చింది. అది కోపం కాదు, భయం. కానీ నోట్లోంచి కోపంగానే వచ్చింది. "అక్కడ ఎవరూ లేరు నాన్నా! నీకు మతి పోతోంది!" అని అరిచేశాను.

ఆయన నన్ను చూసిన చూపు మర్చిపోలేను. చిన్నపిల్లాణ్ణి నలుగురిలో కొడితే చూస్తాడే, అలా చూశాడు. తర్వాత కత్తి తిరగేసి, పిడితో స్టీలు బల్ల మీద కొట్టాడు. రెండుసార్లు దగ్గర దగ్గరగా, కాస్త ఆగి ఇంకొకటి. "ఇట్టా కొట్టాడు. ఇట్టా కొడితే అయ్యి ఆ పక్క కన్నంలోంచి బయటికొస్తయ్యంట. నాకు గూడా నేర్పిచ్చాడు" అన్నాడు.

జిమ్మీ చేతిలో నీళ్ళ పైపు ఉంది. అది నేల మీద కారుతూనే ఉంది, ఆయన కట్టలేదు. మా వాదనలో ఒక్క ముక్క కూడా నేనింకా ఇంగ్లీషులో చెప్పలేదు. "అది మీ నాన్నకి ఎవరు చూపించారు?" అని అడిగాడు.

గోడ దగ్గర ఎవరో ముసలాయన అంటున్నాడని చెప్పాను. ఆయన ఆరోగ్యం అంత బాలేదు, పట్టించుకోవద్దని కూడా చెప్పాను. జిమ్మీ నా మాట విననట్టే, ఏ చేత్తో కొట్టాడో అడుగు అన్నాడు. అడిగాను.

"కుడిచేత్తో. ఎడమ చేతికి రెండేళ్ళు ఉండ్లా కదా" అంటూ నాన్న తన ఎడమచెయ్యి ఎత్తి, చివరి రెండు వేళ్ళూ మడిచి చూపించాడు. నేను అనువాదం చేయాల్సిన అవసరం రాలేదు. జిమ్మీ నీళ్ళ పైపు వదిలేసి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

అక్కడ కూర్చునే చెప్పాడు. వాళ్ళ నాన్నకి గడ్డి మోపులు కట్టే యంత్రంలో పడి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. ఎప్పుడూ నీలం రంగు పనిబట్టలు వేసుకునేవాడు. రాయి చప్పుడుతో కుందేళ్ళని తోలడం ఆయన పద్ధతి, ఇంకెవరూ అలా చేయగా జిమ్మీ చూడలేదు. చిన్నప్పుడు ప్రతి శనివారం జిమ్మీని గోడ దగ్గర గంటలకొద్దీ నిలబెట్టేవాడట. దగ్గకూడదు, కదలకూడదు. జిమ్మీ గురి తప్పితే ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడేవాడు కాదట. తిట్టినా బాగుండేది అన్నాడు జిమ్మీ. పంతొమ్మిదేళ్ళప్పుడు ఇక నీతో రానని చెప్పేసి నిజంగానే మానేశాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు ముసలాయన ఒక్కడే వెళ్ళేవాడు. పోయింది పొలంలో కూడా కాదు, ఆస్పత్రి మంచం మీద. నలభై ఏళ్ళు దాటింది.

"కోపంగా ఉన్నాడా అని మీ నాన్నని అడుగు" అన్నాడు చివరికి. నేల చూస్తూ అడిగాడు.

నాన్న ఆశ్చర్యపోయాడు. "కోపమెందుకు? కొడుకు గురి జూసి కడుపుబ్బా నవ్వుకుంటా ఉన్నాడు. నేను గూడా నవ్వా."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. జిమ్మీ ముందు నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఏడుపయింది. నాన్న వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాకుండానే. వచ్చేటప్పుడు జిమ్మీ రెండు పోగులు తీసుకున్నాడు. మేం రెండు తెచ్చుకున్నాం.

కారులో నాన్న నిద్రపోయాడు. నాకు మాత్రం ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఎందుకో చెబితే నవ్వుతారు. గోడ దగ్గర నిజంగానే జిమ్మీ వాళ్ళ నాన్న ఉంటే, మా నాన్న బుర్రకి ఏమీ కానట్టే కదా! దయ్యం ఉంటే బాగుండును దేవుడా అని దండం పెట్టుకుంటూ కారు నడిపిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

కూర వండాను. ముక్క గట్టిగా ఉంది, నాన్న మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, గోడ దగ్గరి పెద్దాయన ఏ భాషలో మాట్లాడాడు నాన్నా అని అడిగాను. "ఏ పెద్దాయన?" అన్నాడు. నేను గుర్తుచేశాను. నీలం బట్టలు, వేళ్ళు, రాయి చప్పుడు, అన్నీ. ఆయన నా మొహంలోకి చూసి, "నువ్వు సరిగ్గా నిద్రపోతన్నావా అమ్మా?" అని నన్నే అడిగాడు. కుందేలు కూర గుర్తుంది. ఉప్పు తగ్గిందన్నాడు.

నాకు తెలిసినంతలో అన్నీ పరీక్షించాను. ఫోటో చూసి ఉంటాడా? జిమ్మీ ఇంట్లోకి మేం ఆ రోజు అడుగే పెట్టలేదు, వాళ్ళ నాన్నది ఉన్న ఒక్క ఫోటోలో చేతులు కనపడవని జిమ్మీ అన్నాడు. పక్క పొలం ఆయన వచ్చి ఉంటాడా? ఆయన ఆ రోజు ఊళ్ళో లేడు, పది వేళ్ళూ ఉన్నాయి. బాయిలర్ రోజున జిమ్మీయే సైగలతో చెప్పి ఉంటాడా? ఆయన లేదంటాడు, కానీ ముసలి మనిషి, మర్చిపోయి ఉండొచ్చు. కొండ అవతల నుంచి ఎవరైనా దారి తప్పి వచ్చి ఉండొచ్చు. రైతుల చేతులకి వేళ్ళు పోవడం ఇక్కడ అంత వింతేమీ కాదు. ఇవన్నీ కుదురుతాయి, కానీ ఆ రాయి చప్పుడు దగ్గరికి వచ్చేసరికి ఏదీ కుదరడం లేదు.

తర్వాతి శనివారం జిమ్మీకి చెప్పి నేనొక్కదాన్నే ఆ గోడ దగ్గరికి వెళ్ళాను. వారమంతా వానలు. అడుగుల గుర్తులంటూ ఏవీ మిగల్లేదు. నాన్న నిలబడ్డ చోట నిలబడి, రాయి తీసుకుని రెండుసార్లు కొట్టి, ఆగి, ఇంకోసారి కొట్టాను. గంటసేపు కొట్టాను. ఏ కన్నంలోంచీ ఏదీ రాలేదు. ఆ కొండవాలులో నేనూ గొర్రెలూ తప్ప ఇంకెవరూ లేరు. చలికి చేతులు కొంకర్లు పోయాక వచ్చేశాను.

వీసా గడువు అయ్యాక సెలవు పెట్టి నాన్నని నేనే హైదరాబాదు తీసుకెళ్ళాను. అన్నయ్య అప్పటికే డాక్టరు దగ్గర సమయం తీసుకుని ఉంచాడు. ముగ్గురం వెళ్ళాం. గడియారం బొమ్మ గీయమన్నారు, వెనక నుంచి అంకెలు చెప్పమన్నారు. నాన్న నవ్వుతూనే చేశాడు, కొన్ని తప్పుచేశాడు. తర్వాత డాక్టరు నా వైపు తిరిగాడు.

"ఈ మూడు నెలలు దగ్గరుండి చూసింది మీరే కదమ్మా. ఎప్పుడైనా, అక్కడ లేని మనుషులు కనిపించినట్టు మాట్లాడారా? ఒక్కసారైనా? ఆలోచించి చెప్పండి. దాన్నిబట్టే ఇది ఏ రకమో, ఏ మందులు ఇవ్వకూడదో తేలుతుంది."

నాన్న నా పక్క కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఏం చెబుతానో అని నా మొహమే చూస్తున్నాడు. అవునంటే ఆ నీలం బట్టల మనిషి జబ్బు కాగితాల్లో ఒక లక్షణం అయిపోతాడు. బకెట్టు మీద కూర్చుని జిమ్మీ ఏడ్చిన ఏడుపు కూడా అందులోనే కలిసిపోతుంది. కాదంటే, అది నిజంగా జబ్బే అయితే, పడని మందు నా చేతులతో నేనే నాన్నకి మింగించినట్టు. ఏది చెబితే నాన్నకి మేలో ఆ క్షణాన నాకు తెలియలేదు. డాక్టరు అడిగింది లేని మనిషి గురించి. ఆ మనిషి అక్కడ లేడని చెప్పడానికి నేను వెళ్ళి చూసింది ఎక్కడ?

"లేదండీ" అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. ఆ రోజు రాసిన మందులే నాన్న ఇప్పటికీ వేసుకుంటున్నాడు. వీడియో కాల్ చేస్తే కొన్ని రోజులు అమ్మాయ్ అంటాడు, కొన్ని రోజులు మర్యాదగా ఎవరండీ అంటాడు. నేను చెప్పిన ఆ ఒక్క మాట నిజమో అబద్ధమో నాకు ఇంతవరకూ తెలియదు.